మిరప మొక్క ఎంత ఎత్తుండాలి

ఏడాదికి సరిపడా కారం పట్టించే రోజులవి. హాల్లో పాత చాప పరిచి, ఎండుమిరపకాయలు కుప్ప పోసుకుని తొడిమలు తీస్తున్నాను. కుర్చీలో పేపరు చదువుతున్న మా ఆయన ఆజం రెండుసార్లు తుమ్మి, ఆ పనేదో బయట చేసుకోరాదా అన్నాడు. బయట అంటే మట్టెవాడ గల్లీ. పోయినేడు అక్కడ కూర్చుంటే, రోడ్డు మీద కూర్చుంటావా, ఇజ్జత్ లేదా అన్నది కూడా ఆయనే. ఏ మాటకూ జవాబు చెప్పకుండా పని కానిచ్చుకోవడం నాకు అలవాటు. తీసిన కాయలు పళ్ళెంలోకి ఎత్తుకుని వంటింట్లోకి పోదామని లేచాను.

మా కోడలు నుస్రత్ అప్పుడే కాలేజీ నుంచి వచ్చింది. భుజాన బ్యాగు కూడా దించకుండా గుమ్మంలోనే నిలబడి నన్నే చూస్తోంది.

"అమ్మీ, జర మల్లొక్కసారి కూసోని లేవుర్రి" అంది.

నాకు భయమేసింది. నేను అట్లాంటి మనిషిని. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటాను. ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే ఏం తప్పు చేశానా అని ముందు భయపడి, తర్వాత పలుకుతాను. పళ్ళెం పక్కన పెట్టి కూర్చున్నాను, లేచాను. ఎడమ చేయి తొడ మీద ఆనించి, సగం లేచి, అక్కడ కొంచెం ఆగి, గోడ పట్టుకుని మిగతా సగం లేచాను. ఇట్లా లేస్తానని నాకే తెలియదు. నుస్రత్ నా పక్కన చాప మీద కూలబడి, "గిదే అమ్మీ. గిదే తీసెయ్యమంటాండు మా సార్" అంది.

నుస్రత్ హన్మకొండలో ఒక ఇంజనీరింగు కాలేజీలో పరిశోధన చేస్తోంది. కంప్యూటర్‌లో మిరప మొక్కలు పెంచడం ఆమె పని. మా ఆయన దాన్ని నీళ్ళు పోయనక్కరలేని తోట అంటాడు. మా కొడుకు అర్షద్, నుస్రత్ మొగుడు, నవ్వుతూనే, ఆ తోటలో కాయలు ఎప్పుడు కాస్తాయని అడుగుతాడు. నేను ఒకసారి ఆమె పక్కన కూర్చుని చూశాను. తెర మీద ఆకుపచ్చ గీతలతో ఒక మొక్క. కాండం మందం ఇంత, కాయల బరువు ఇంత, గాలి వేగం ఇంత అని అంకెలు ఇస్తే అది ఊగుతుంది, వంగుతుంది, ఒక్కోసారి నేల మీద పడిపోతుంది. ఊళ్ళలో తీసిన వేల ఫొటోలు దానికి చూపించి, ఏ మొక్క నిలబడింది, ఏది పడిపోయింది చెబుతారట. కంప్యూటర్ ఊహిస్తుంది, తప్పుతుంది, తప్పెక్కడో తెలుసుకుని మళ్ళీ ఊహిస్తుంది. అట్లా నేర్చుకుంటుందని చెప్పింది. ఆ మాట వినగానే నాకు ఆ యంత్రం మీద ఒకరకమైన చుట్టరికం కలిగింది. నేను చదువుకున్నదీ అట్లాగే. అర్షద్ ఒకటో తరగతిలో ఉన్నప్పుడు వాడు గట్టిగా చదువుతుంటే రొట్టెలు కాలుస్తూ వాడి పుస్తకంలోకి తొంగి చూసేదాన్ని. ఈ అక్షరం ఇదే కావచ్చు అనుకుని, వాడి నోట విని, తప్పైతే మనసులోనే దిద్దుకునేదాన్ని. మొదట ఒకటో తరగతి పుస్తకం వచ్చింది, తర్వాత పేపరు వచ్చింది, తర్వాత నుస్రత్ కాలేజీ నుంచి తెచ్చే పుస్తకాలు కూడా వచ్చాయి. ఇంట్లో మిగతావాళ్ళకు నేను చదువుతానని తెలుసు కానీ, ఎందుకు చదువుతానో తెలియదు.

ఆ కంప్యూటర్ తేల్చింది ఏమంటే, మిరప మొక్క మోకాలెత్తు ఉంటే మంచిది. గుబురుగా ఉంటుంది, గాలికి పడదు, కాపు ఎక్కువ. ఏ రకం విత్తనం పెంచాలో ఒక కంపెనీ ఆ లెక్క చూసి నిర్ణయించుకుంటుందట. అంతా బాగుంది. కానీ ఆ లెక్కలో గాలి ఉంది, వాన ఉంది, మట్టి ఉంది, కాయ తెంపే మనిషి మాత్రం లేదు. నుస్రత్ ఫొటోల కోసం రఘునాథపల్లి పోయినప్పుడు ఆడవాళ్ళు రెండుగా మడిచినట్టు వంగి కాయలు తెంపడం చూసింది. మొక్క కాండం ఎక్కడ విరుగుతుందో చెప్పే గణితమే మనిషి వెన్నుకూ వర్తిస్తుందట. అందుకని మొక్క పక్కన మనిషిని కూడా నిలబెడదామంది. వాళ్ళ సార్ రాజేశ్వర్ రావు చెడ్డవాడు కాదు, సరే అన్నాడు. అగ్గిపెట్టెంత డబ్బీలు బెల్టుతో నడుముకూ వీపుకూ తొడకూ కడితే మనిషి ఎంత వంగింది, కింది వెన్నుపూస మీద ఎంత బరువు పడింది, అన్నీ కంప్యూటర్‌కు అందుతాయి. పడుచువాళ్ళు కట్టుకున్నారు. వాళ్ళ లెక్క ప్రకారం మోకాలెత్తు మొక్కతో ఇబ్బంది లేదు, వెన్ను ఓర్చుకుంటుంది.

కూలీల మేస్త్రి లేని రోజున ముసలివాళ్ళు ముగ్గురో నలుగురో కట్టుకున్నారు. చిక్కు అక్కడ వచ్చింది. వాళ్ళు తొడ మీద చేయి ఆనించి ఒంటిచేత్తో తెంపుతారు, సగం కూర్చుని సగం లేస్తారు. కాయ తెంపడమంటే ఏమిటో పడుచువాళ్ళను చూసి నేర్చుకున్న కంప్యూటర్‌కు ఇది పనిలా కనబడలేదు. వీళ్ళు పని చేస్తున్నప్పుడల్లా విశ్రాంతి అని రాసుకుంది. సార్ చూసి, ఈ రీడింగులు గలీజుగా ఉన్నాయి, తీసేసి డేటా శుభ్రం చెయ్యమన్నాడట.

"అట్ల తీసేస్తే ఏమైతది?" అన్నాను.

"ఏంగాదు అమ్మీ. ముసలోళ్ళు చేన్ల లేనట్టే. ఇప్పుడు చేన్లకు పోయేటోళ్ళల్ల సగం మంది మీ వయసోళ్ళే. పడుసు పోరగాండ్లు బట్టల షాపులకు పోతాన్నరు గద."

శుభ్రం అన్న మాట నా లోపల చాలాసేపు తిరిగింది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఈ ఇల్లు శుభ్రం చేస్తూనే ఉన్నాను. శుభ్రం చెయ్యడానికి నన్ను తీసేస్తారని ఎప్పుడూ అనుకోలేదు. మా అత్తగారు ఉన్న రోజుల్లో, నా నడుము పట్టేసిందంటే, మేము కాన్పైన మూడో రోజు బావిలో నీళ్ళు తోడామనేది. ఆమె పోయాక ఆ మాట మా ఆయన అందుకున్నాడు. ఆయన బస్సు కండక్టరుగా చేశాడు. రోజంతా నిలబడేవాణ్ణి నేను, ఇంట్లో కూర్చునేదానికి నడుమెట్లా నొస్తుంది అనేవాడు. ఒక్కసారి దవాఖానకు పోయినప్పుడు డాక్టరమ్మ ఏం పని చేస్తావని అడిగితే, నేను నోరు తెరిచేలోపే ఆయన, ఏం పని లేదమ్మా, ఇంట్లనే ఉంటది, అన్నాడు. డాక్టరమ్మ అదే రాసుకుంది. నేనూ ఊరుకున్నాను. కంప్యూటర్ విశ్రాంతి అని రాసుకోవడంలో వింతేముంది.

కాయ కోతలు నెలలో అయిపోతాయి. ఆ లోపల వయసు మళ్ళిన ఆడవాళ్ళను ఇంకా చాలామందిని కొలిచి చూపిస్తే సార్ ఒప్పుకుంటాడు. లేకపోతే మోకాలెత్తే ఖాయమైపోతుంది. "నలుగురుంటే గలీజు అంటరు అమ్మీ. ఊరంత ఉంటే ఏమంటరు?" అంది నుస్రత్. కానీ రఘునాథపల్లిలో ముసలివాళ్ళు ఇంకెవరూ బెల్టు కట్టుకోం అన్నారట. "అది మీ తల్లిగారూరు గద. మీరు వస్తే వింటరు."

నేను వెంటనే సరే అనలేదు. రఘునాథపల్లి పేరు వింటే నాకు ఒక్కటే గుర్తుకొస్తుంది. మా అమ్మకు బాగా లేదని కబురొచ్చిన రోజు ఇంట్లో మా మరిది తరపు చుట్టాలు ఉన్నారు. వాళ్ళకు వండి పెట్టి రేపు పోదువులే అన్నాడు మా ఆయన. నేను వండాను. మర్నాడు వెళ్ళేసరికి మా అమ్మ లేదు. తర్వాత బిడ్డ గుల్నాజ్ నిజామాబాద్ కోడలైంది. బస్సు కిటికీలోంచి అది చేయి ఊపితే, నేను ఊపకుండా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. నా బతుకులో ఎవరు ఎప్పుడు వెళ్ళాలో ఎప్పుడూ వేరేవాళ్ళే చెప్పారు. నుస్రత్ వచ్చాక ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఉందనిపించింది. ఇప్పుడు ఆమే నిజం దాచకుండా ఇంకో మాట చెప్పింది. ఈ లెక్క గనుక సార్ ఒప్పుకుంటే, మోకాలెత్తువీ నడుమెత్తువీ రెండు రకాల మొక్కలూ నిజంగా వేసి చూడాలి. దానికి ఆమె ఒక పంటకాలం ఖమ్మం దగ్గర పొలంలో ఉండాలి. అంటే నేను సాయం చేస్తే ఆమె వెళ్ళిపోతుంది. చెయ్యకపోతే ఉంటుంది.

ఆ మాట మా ఆయన కూడా విన్నాడు. "పొమ్మని నువ్వే తొవ్వ సూపిస్తానవా?" అన్నాడు, నుస్రత్ లోపలికి పోయాక. నేను మిగిలిన తొడిమలన్నీ తీశాను. తీసిన తర్వాత వంటింట్లోకి పోయి నుస్రత్‌తో చెప్పాను, ఆదివారం పోదామని.

ఆదివారం పొద్దున్నే వంట చేసి, మూతలు పెట్టి, ఏ గిన్నెలో ఏముందో ఆయనకు చెప్పి బస్సెక్కాను. బస్సు జనగామ వైపు తిరిగిన దగ్గర నుంచి ఒకటే ఆలోచనలు. గ్యాసు కట్టేశానా, ఆయన మాత్రలు వేసుకున్నాడా, బెల్టు కడితే అందరూ చూస్తారా. నుస్రత్ నా చేతి మీద చేయి వేసింది.

చేను దగ్గర భద్రమ్మ ముందే ఉంది. ఆమె ముఠా మేస్త్రి. ఏ చేనుకు ఎందరు కావాలో రైతులు ఆమెకే ఫోన్ చేస్తారు. రేపు ఎవరు ఆటో ఎక్కాలో, ఎవరు ఇంట్లో ఉండాలో సాయంత్రం ఆమె చెబుతుంది. నాకంటే చిన్నదే కానీ ఆమె మాటకు ఊళ్ళో ఎదురులేదు. నుస్రత్ మళ్ళీ అడిగినప్పుడు ఎవరూ రాలేదు గాని, నేను, వాళ్ళ అజ్మత్, వస్తున్నానంటే చూడ్డానికని చాలామందే వచ్చారు. చిన్నప్పుడు నాతో కలిసి ఆడుకున్న పూలమ్మ నన్ను చూసి నా చెంపలు పట్టుకుంది. చిలుకమ్మ పెట్టెలోని పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. చేనుకు పట్టుచీరేందే అంటే, "కంప్యూటర్ల పడతానం గదనే, పాత చీర్లనా?" అంది. మోటారు రూములోకి తీసుకుపోయి నేను ముందు నా నడుముకు బెల్టు కట్టించుకుని చూపించాను. నన్ను చూసి ఒక్కొక్కరే కట్టించుకున్నారు. అందరం సాళ్ళలోకి దిగాం.

కాయలు తెంపుతుంటే నవ్వులే నవ్వులు. ఒకరిని మించి ఒకరు వేగంగా పోతున్నారు. నేనూ ఒక సాలు పట్టుకుని పోయాను, అలవాటు తప్పినా చేతులు మరిచిపోలేదు. సాలు చివర వేపచెట్టు కింద లాప్‌టాప్ పెట్టుకున్న నుస్రత్ ముఖం చూసేసరికి నవ్వు ఆగిపోయింది.

"వీళ్ళ నడుములు నా నడుము కన్న మంచిగున్నయ్ అమ్మీ" అంది నీరసంగా. తెర మీద గీతల మనుషులు పడుచువాళ్ళ లెక్కనే సులువుగా వంగి నిటారుగా లేస్తున్నారు. తొడ మీద చేయి లేదు, ఆగడం లేదు. ఇది తీసుకుపోతే సార్, చూశావా, ముసలివాళ్ళకూ ఇబ్బంది లేదు, మోకాలెత్తే సరైనది అంటాడు. అంతే. మనమే మన చేతులతో ఖాయం చేసినట్టు.

నేను వెనక్కి తిరిగి చేను వైపు చూశాను. పూలమ్మ ఒక మొక్క కాయలు తెంపి, లేచి, ఓరకంట భద్రమ్మ వైపు చూసి మళ్ళీ వంగింది. చిలుకమ్మా అంతే. అప్పుడు అర్థమైంది. డబ్బీలు కట్టిన రోజు నడుము పట్టుకుంటే భద్రమ్మ చూస్తుంది, సాయంత్రం పిలుపు రాదు. వాళ్ళు కంప్యూటర్‌కు కాదు, మేస్త్రికి పని చూపిస్తున్నారు. ఇంకొక మాట కూడా అర్థమైంది. నా సాలులో నేను కూడా తొడ మీద చేయి పెట్టలేదు. నన్ను ఆటో ఎక్కించేవాళ్ళు ఎవరూ లేరు. అయినా పెట్టలేదు. నొప్పి ఇంకొకరి ముందు కనబడకూడదన్నది నాలో అంతగా ఇంకిపోయింది. ఇంట్లో అబ్బా అనాలంటే నల్లా తిప్పి ఆ చప్పుడులో అనుకునేదాన్ని. అత్తగారి ముందు, ఆయన ముందు, వంగుతూ లేస్తూ ఎన్నేళ్ళు ఈ నాటకం ఆడానో. అందుకే ఏ లెక్కలోనూ లేకుండా పోయాను. తీసేసినవాళ్ళు తర్వాత తీసేశారు. ముందు దాచిపెట్టింది మేమే, దాచిపెట్టకపోతే బతకనివ్వలేదు కాబట్టి.

నుస్రత్‌ను మళ్ళీ మొదటినుంచి కొలవమన్నాను. భద్రమ్మ నిలబడిన సాలు దగ్గరికి పోయాను, సరిగ్గా ఆమె కళ్ళ ముందు. ఎడమ చేయి తొడ మీద ఆనించి వంగాను. ఒంటిచేత్తో తెంపాను. లేచేటప్పుడు సగంలో ఆగి, అందరికీ వినబడేట్టు అబ్బా అన్నాను. ముఖం మంటగా ఉంది, బట్టలు విప్పుకుని నిలబడినట్టు.

పూలమ్మ పకపకా నవ్వింది. "ఏందే అజ్మతక్కా, పట్నం పోయి ముసల్దానివైనవ్."

"ముసల్దాన్ని గాక పడుసుదాన్నా? నువ్వు పొద్దుగాల మంచం మీదికెళ్లి ఎట్ల లేస్తవో గట్లనే లేవ్వే. గీ డబ్బీలకు మన ఇజ్జత్‌తోని పని లేదు." అని భద్రమ్మ వైపు తిరిగాను. జీవితంలో ఎవరినీ నిలదీయని దాన్ని. "భద్రమ్మా, నడుము పట్టుకున్నోళ్ళను రేపు ఆటో ఎక్కిస్తవా, ఎక్కియ్యవా? ఆ మాట జెప్పినంకనే వీళ్ళు సక్కగ వంగుతరు."

నవ్వులు ఆగిపోయాయి. భద్రమ్మ తల మీది రుమాలు విప్పి చెట్టు కిందికి నడిచి, నుస్రత్ ముందు నిలబడి చేతులు పైకెత్తింది.

"నాకూ కట్టు బిడ్డా. పోయినేడు సంది గోలీలు మింగుకుంటనే ఎక్కుతాన్న ఆటో. నన్నెవరు దింపుతరో సూస్త."

భద్రమ్మ సాలులోకి దిగి మొదటి మొక్క దగ్గర చేయి తొడ మీద పెట్టింది. ఆ తర్వాత చేను చేనంతా మారిపోయింది. ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని జరుగుతున్నారు, ఒకరు నాలుగు మొక్కలకోసారి వీపు మీద పిడికిలితో గుద్దుకుంటున్నారు, చిలుకమ్మ పట్టుచీర పైకి దోపి ఒక పక్కకు ఒరిగి తెంపుతోంది. సాళ్ళలోంచి మూలుగులు, వాటి మీద మళ్ళీ ఎకసెక్కాలు. తెర మీద గీతల మనుషులు వంకరటింకరగా, ఆగి ఆగి కదిలారు. అంతమంది వంకరను ఒక్కచోట చూడటం నాకు అదే మొదలు. అందంగా ఉందని అనను. నిజంగా ఉంది.

రాజేశ్వర్ రావు సార్ ఆ రీడింగులు రెండుసార్లు తిరగేసి చూశాడట. తర్వాత, ఇంతమంది ఒకే తీరుగా తప్పు చెయ్యరు, నేర్పిన యంత్రానిదే తప్పు అన్నాడట. వాళ్ళను కలుపుకుని కంప్యూటర్‌కు మళ్ళీ మొదటినుంచి నేర్పించారు. ఈసారి తొడ మీద చేయి ఆనించి తెంపడం కూడా పనే అని అది నేర్చుకుంది. మోకాలెత్తు మొక్కతో మా వయసువాళ్ళ కింది వెన్నుపూస ఓర్వలేనంత బరువు మోస్తోందని, నడుమెత్తు మొక్కైతే ఆ బరువు బాగా తగ్గుతుందని చెప్పింది. అయితే నడుమెత్తు మొక్క గాలికి పడే భయం ఎక్కువ, దానికి గట్టి కాండం కావాలి. కాబట్టి ఏ ఎత్తూ ఇప్పుడే ఖాయం చెయ్యొద్దని, రెండూ వేసి చూడాలని సార్ కంపెనీకి రాశాడు. వాళ్ళు చివరికి ఏది ఎంచుకుంటారో నాకు తెలియదు. ఇప్పటికైతే ఆగింది.

నుస్రత్ ఈ సంగతి అన్నం దగ్గర చెప్పింది. వానలకు ముందే ఖమ్మం పోవాలంది. అర్షద్, సరే పో, వారం వారం వస్తుంటా అన్నాడు. వాడు మంచివాడే. వెంటనే, ఇంట్లో మరి ఎట్లా అన్నాడు. మా ఆయన ముద్ద కలుపుతూనే, "అజ్మత్ ఉన్నది గద. దానికేం పని" అన్నాడు.

ఆ మాట కొత్తది కాదు. ఎప్పటి నుంచో వింటున్నదే. ఈసారి అది నా చెవిలోకి పోకుండా కంచం పక్కనే ఆగిపోయింది. అమ్మ పోయినప్పుడు వెనక మిగిలింది నేను. గుల్నాజ్ బస్సు కదిలినప్పుడు వెనక మిగిలింది నేను. ఎవరు ఎటు వెళ్ళినా గుమ్మంలో మిగిలేది, మిగిలిన గిన్నెలు కడిగేది నేనే. వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు కలిగే భయాన్ని ఇన్నాళ్ళూ ప్రేమ అనుకున్నాను. ప్రేమే కావచ్చు. కానీ ఎప్పుడూ వెనక మిగిలే మనిషికి ప్రతి ప్రయాణమూ చావులాగే కనబడుతుంది. ఖమ్మం పొలంలో కూడా నా వయసు ఆడవాళ్ళే కాయలు తెంపుతారు. అక్కడా ఎవరో ఒకరు ముందు అబ్బా అనాలి. ఎవరూ చెప్పకపోయినా నాకు తెలుసు, ఆ పిల్ల ఒక్కతే పోతే ఆ మొదటి మనిషి ఆమెకు దొరకదు.

"నేను గూడ పోతాన్న" అన్నాను.

నుస్రత్ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. అర్షద్ తలెత్తాడు. మా ఆయన నవ్వాడు, ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. ఎన్ని రోజులన్నాడు. పంట అయ్యేదాకా అన్నాను. నీకు బస్సులో ఊరికే భయమైతది గదా అన్నాడు. అయితది, భయంతోనే పోతాను అన్నాను. ఆయన చుట్టూ చూశాడు, ఈ మాట నేను కాక ఇంకెవరో అన్నట్టు.

"మరి నా అన్నం?"

నేను చేయి కడుక్కుని, వంటింటి దీపం వేసి, తలుపు దగ్గర నిలబడ్డాను.

"తిన్నంక ఇటు రార్రి. బియ్యం ఏడుంటయో సూపిస్త."